ప్రభువు చెప్పాడు సరే, ఖర్చెవరిది?

శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రి పొద్దుపోయాక, బయల్దేరే ప్రయాణికుల గేట్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంటపడి తీరుతుంది. ఓ కుటుంబం గుండ్రంగా నిలబడి తలలు వంచుకుని ఉంటుంది. నడుమ ట్రాలీ. దాని మీద తాళ్ళతో బిగించిన రెండు సూట్‌కేసులు, తూకం ఎక్కువవుతుందేమోనని ఆఖరి నిమిషంలో పైకి తీసిన ఆవకాయ డబ్బా. తల్లి కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంటుంది. పాస్టరయ్యగారు ఊళ్ళోనే ఉంటారు, ఆయన గొంతు మాత్రం ఫోన్ స్పీకర్‌లో వినబడుతుంటుంది. ఈ ద్వారం తెరిచింది దేవుడేనని, వీసా ఇప్పించిన ఆ దేవుడే అక్కడా తోడుండాలని ప్రార్థన సాగుతుంది. కుర్రాడి చూపు నడుమ నడుమ గేటు దగ్గరి జవాను మీదికి పోతుంటుంది. ఆమెన్ అనగానే అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెడతారు. పాస్‌పోర్టు పైజేబులో పెట్టుకో, దిగగానే ఫోన్ చెయ్యి, ఆదివారం మందిరం మానకు.

అదే ప్రాంగణంలో, ఈ వెలుగులకు దూరంగా కార్గో టెర్మినల్ ఉంది. హైదరాబాద్ మందులు, టీకాలు దేశదేశాలకు వెళ్ళేది అక్కడి నుంచే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ శవపేటికలు దిగేదీ అక్కడే. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, నిజామాబాద్ పల్లెల నుంచో వచ్చిన అన్నదమ్ములు కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆ చనిపోయినవాళ్ళ కోసం కూడా రెండు మూడేళ్ళ కింద బయల్దేరే గేటు దగ్గర ఎవరో ఒకరు, తమ తమ దేవుడికి, మొక్కుకునే ఉంటారు.

క్రైస్తవుల మాటల్లో రోజూ దొర్లే మాట ‘ప్రభువు నడిపించాడు’. ఉద్యోగం వస్తే నడిపింపు, సంబంధం కుదిరితే నడిపింపు, స్థలం రిజిస్ట్రేషన్ అయితే నడిపింపు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుని, ఏడాదంతా దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఇందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. ఇక్కడికి దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ గుడిలో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అక్కడి లెక్క స్పష్టం. మన లెక్కే కాస్త మసక. దేవుడి మాట విన్నామని చెప్పేటప్పుడు మనం ఎక్కువగా చెప్పేది మనకేం దొరికిందో. ఎదుటివాడికి చేసే సేవలో ఆయన మాట వినడం అనే విషయం మాత్రం ఆదివారం ప్రసంగంలోనే మిగిలిపోతుంది.

తెలుగు నేల మీద సేవ చేసినవాళ్ళ చరిత్ర తిరగేస్తే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. దేవుడి మాట నిజంగా విన్నారని మనం నమ్మగలిగిన చోటల్లా ఆ మాటకు మొదటి ఖర్చు విన్నవాడి జేబులోంచే పోయింది. విన్నది నేను, ఇవ్వాల్సింది నువ్వు అన్నచోట అనుమానించడం మంచిది.

కాలువగట్టు మీద పదిహేను నెలలు

ఒంగోలులో ప్రేయర్ మీట్ హిల్ అని ఒక గుట్ట ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ గుట్టెక్కి ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. అప్పటికి ఆ మిషన్‌ను మూసెయ్యాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు మాట వచ్చింది. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వీళ్ళు అడిగారు. జవాబు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. జనం నోట క్లౌ దొర. అమెరికాలో కుర్రతనంలో భూముల సర్వే పని చేసినవాడు. గొలుసు పట్టి నేల కొలిచిన మనిషి. ఆ పని తర్వాత అక్కరకొచ్చింది.

వచ్చీరాగానే ఆయనకు చిక్కొచ్చి పడింది. బడి పెడితే ఒంగోలు పెద్ద కులాలవాళ్ళు పిల్లల్ని పంపారు. మిషనరీలకు అంతకంటే ఏం కావాలి? ఊళ్ళో పలుకుబడి, చదువుకున్నవాళ్ళ స్నేహం, నివేదికలో రాసుకోవడానికి నాలుగు మంచి మాటలు. సరిగ్గా అప్పుడే తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసేవాడు, క్రైస్తవుడయ్యాడు. ఆయన వెనకే పల్లె కదిలింది. మాదిగ పిల్లలు బడికొస్తే మా పిల్లలు రారని పెద్ద కులాలవాళ్ళు తేల్చిచెప్పారు. క్లౌ తన గదిలోకెళ్ళి ప్రార్థన చేసి అక్కడున్న కొత్త నిబంధన ఒకటి తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం వచ్చింది. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే చోటు అది. ఇంకో గదిలో ఆయన భార్య కూడా అదే రోజు అదే చోటు చదివిందని తర్వాత మాటల్లో తెలిసింది. క్లౌ స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది.

గుడ్డిగా బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట దేవుడి జవాబు వెతకడం నాకు నచ్చని పద్ధతి. మన సంఘాల్లో దాని వల్ల జరిగిన పెళ్ళిళ్ళు, ఆగిన పెళ్ళిళ్ళు ఎన్నో చూశాం. ఇక్కడ నన్ను పట్టుకున్నది ఇద్దరికీ ఒకే పేజీ రావడం కాదు, ఆ పేజీ వాళ్ళకు అనుకూలమైంది కాకపోవడం. దాన్ని పాటిస్తే బడి ఖాళీ అవుతుంది, పరువు పోతుంది. పాటించారు. పెద్ద కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

తర్వాత పదేళ్ళకు 1876–78 కరువు వచ్చింది. మద్రాసు రాజధాని అంతటా జనం ఎండుటాకుల్లా రాలిపోయారు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వించడం కరువు పనిగా పెట్టింది. మాల మాదిగలు పనికి వెళితే అజమాయిషీ చేసేవాళ్ళ తిట్లూ దెబ్బలూ భరించలేక తిరిగొచ్చేవాళ్ళు. క్లౌ ఒకప్పటి సర్వేయరు కదా, సుమారు మూడున్నర మైళ్ళ కాలువకు తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. సువార్త బోధకులే మేస్త్రీలయ్యారు. తట్ట దింపి నీడన కూర్చున్నప్పుడు కూలీలకు పక్కనున్నది తమ భాషలో, తమ వరసలో మాట్లాడే మనిషే. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి తవ్వారు, కూలి తీసుకున్నారు, మాటలు విన్నారు. వినీ వినీ మాకు బాప్తిస్మం ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు.

మిషనరీ జీవితంలో ఇంతకంటే పెద్ద పంట ఉండదు. క్లౌ కాదన్నాడు. కడుపు కోసం కలిశారన్న మాట రాకూడదు, వచ్చినవాళ్ళ మనసు తేటపడాలి, కరువు డబ్బు చేతిలో ఉన్నంత కాలం బాప్తిస్మాలు లేవు అన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. బియ్యం కోసం మతం మారారన్న నింద ఇప్పటికీ వినబడే ఈ దేశంలో, ఆ పదిహేను నెలల గురించి చర్చిల్లో కూడా ఎవరూ పెద్దగా చెప్పరు. చెప్పేది ఆ తర్వాత వచ్చిన ఒక్క రోజు గురించి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం. పొద్దున మొదలైంది, మధ్యాహ్నం ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా సాగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో ఇవ్వలేదు.

2,222 అంకె ప్రపంచమంతా పాకింది. నా దృష్టిలో అసలు విన్నది ఆ పదిహేను నెలల్లోనే. గెలుపు గుమ్మంలోకి వచ్చి తలుపు తడుతుంటే ఆగమని చెప్పడం మనిషికి సొంతంగా తట్టే ఆలోచన కాదు.

వద్దన్న మాటలే ఎక్కువ

బైబిల్లోనూ వరస ఇదే. అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయంలో పౌలు ఆసియా వైపు పోబోతే ఆత్మ ఆపుతుంది, బితూనియ వైపు పోబోతే మళ్ళీ ఆపుతుంది. రెండుసార్లు కాదన్నాకే మాసిదోనియ దర్శనం. మనం ప్రసంగాల్లో దర్శనం దగ్గర మొదలుపెడతాం. బాలుడైన సమూయేలు కథా అంతే. పిలుపు విని మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తడం, నాలుగోసారి దేవుడితో మాట్లాడటం ఆదివారపు బడిలో బొమ్మలు వేసి చెబుతాం. అంతటితో ఆపేస్తాం. ఆ రాత్రి దేవుడు చెప్పింది ఏమిటి? తనను పెంచిన ఏలీ ఇంటిమీదికి రాబోయే శిక్ష గురించి. ఆ మాట చెప్పడానికి పిల్లాడు భయపడ్డాడు. ఏలీ గుచ్చి గుచ్చి అడిగితే గానీ నోరు విప్పలేదు. ప్రవక్తగా మొదటి రోజే తనకు అన్నం పెట్టిన మనిషికి చేదు కబురు చెప్పాల్సి వచ్చింది.

యెరూషలేములో తొలి సంఘం నడిపింపు దొరికించుకున్నది దర్శనంలో కూడా కాదు, ఒక సణుగుడులో. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని గొడవ లేచింది. పెద్దలు దాన్ని అణచలేదు. ఆ పని చూడటానికి ఏడుగురిని పెట్టారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు మనుషుల చేతికే వంటశాల తాళాలు వెళ్ళాయి. మన కమిటీలకు వచ్చే ఫిర్యాదుల గతి తలచుకుంటే ఇది చిన్న సంగతేం కాదు.

అడగని మనిషి

హైదరాబాద్‌లో ఈ మాట ఎత్తితే ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థన మందిరం దగ్గర ఆగకుండా పోలేం. దాన్ని మొదలుపెట్టిన భక్తసింగ్ గారు 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళి, తర్వాత కెనడాలో ఉండగా క్రైస్తవుడై, 1933లో తిరిగొచ్చారు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద కొందరితో కలిసి రాత్రంతా ప్రార్థనలో గడిపి, తెల్లారాక సొంతంగా సంఘం మొదలుపెట్టాలన్న నిశ్చయంతో దిగారు. ఆ వరసలోనే హైదరాబాద్ హెబ్రోను వచ్చింది. తెలుగు జిల్లాల్లో వందల సంఘాలు ఆ పొయ్యి నిప్పుతో వెలిగినవే. 2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

ఆయన్ని ఎక్కడికైనా రమ్మని పిలిస్తే వెంటనే వస్తాననేవారు కాదు, ప్రార్థన చేసి చెబుతాననేవారు. మర్యాదకు అనేమాట కాదది, నిజంగానే చేసేవారు. కొన్నిచోట్లకు వెళ్ళేవారు కాదు. జీతం తీసుకోలేదు. డబ్బు కావాలని మనుషుల్ని అడగకూడదన్న నియమం కడదాకా నిలుపుకున్నారు. వేలమంది రోజుల తరబడి ఉండిపోయే పరిశుద్ధ సమాజ కూటాలకు భోజనాలు, బసా ఉచితం. చాపల మీద వరసగా కూర్చోబెట్టి వడ్డించేవాళ్ళు. పక్కనున్నది ఏ కులమో అడిగే అవకాశం ఆ పంక్తిలో ఉండేది కాదు. 1940లు, 50ల్లో తెలుగు ఊళ్ళలో అలాంటి పంక్తి ఎంత పెద్ద మాటో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

దాని నీడలోనే ఇంకో సంగతి కూడా పెరిగింది, దాచడం ఎందుకు? ప్రతి చిన్నదానికీ ‘ప్రభువు చిత్తం’ తేలేదాకా కదలని అలవాటు. పక్కింటి ముసలమ్మ జ్వరంతో పడుంటే మందు తెచ్చిపెట్టడానికి చిత్తం తెలుసుకోవాల్సిన పనేముంది? అది ఎప్పుడో చెప్పేసిన మాట. భక్తసింగ్ గారి తీరు పట్టుకుని దాని ఖరీదు వదిలేసినవాళ్ళు ఇంకా ప్రమాదం. యూట్యూబ్‌లో పేరు పెట్టి పిలిచి ఈ నెలాఖరుకు నీకు వీసా అని బయలుపరిచేవాళ్ళు, కానుక వేస్తే ద్వారం తెరుచుకుంటుందని చెప్పేవాళ్ళు. అక్కడ స్వరం విన్నది ఒకరు, అప్పు చేసి కానుక కట్టేది ఇంకొకరు. వీసా రాకపోతే తప్పు విశ్వాసం చాలని విశ్వాసిది.

నలుగురిలో తూచడం

ఒక్కడికి వినబడ్డ మాటను నలుగురు తూచి చూడాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. అది చేసి చూపించిన పద్ధతులు లోకంలో ఉన్నాయి. క్వేకర్లనే క్రైస్తవ శాఖలో ఎవరికైనా పెద్ద నిర్ణయం ఎదురైతే కొద్దిమందిని కూర్చోబెట్టుకుంటారు. వాళ్ళు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ నిశ్శబ్దం. సలహా ఇవ్వకుండా గంటసేపు కూర్చోవడం తెలుగువాళ్ళకు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

రోమ్‌లో 2023 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ జరిపిన సినడ్ అనే చర్చి సభలోనూ గుండ్రటి బల్లల చుట్టూ కార్డినళ్ళు, బిషప్పులు, కన్యస్త్రీలు, మామూలు విశ్వాసులు కలిసి కూర్చున్నారు. మొదటి వరసలో ఒక్కొక్కరూ తాము ప్రార్థనలో తెచ్చుకున్నది చెప్పాలి, ఎవరూ అడ్డు రాకూడదు. తర్వాత మౌనం. రెండో వరసలో తన మాట కాదు, ఇతరుల మాటల్లో తన మనసుకు తగిలినది చెప్పాలి. మళ్ళీ మౌనం. మూడో వరసలోనే ఏం చెయ్యాలన్న చర్చ. ఈ పద్ధతి రెండో వరస దగ్గరే పని చేస్తుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే మన జవాబు సిద్ధం చేసుకునే వీల్లేదు కదా.

శంషాబాద్ పేరు కతోలిక ప్రపంచంలో వినబడింది కూడా ఇలాంటి వినికిడి వల్లనే. 2017 అక్టోబరు 10న పోప్ ఫ్రాన్సిస్ సైరో మలబార్ చర్చికి శంషాబాద్ మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, ఏర్పాటు చేశారు. అప్పటికి మిగతా సైరో మలబార్ మేత్రాసనాల కిందికి రాని భారతదేశమంతా దాని పరిధి అయింది. కేరళ సంప్రదాయపు చర్చికి, దేశమంత మేత్రాసనానికి, పేరు మన రంగారెడ్డి జిల్లా ఊరిది! తొలి మేత్రాణులు మార్ రాఫెల్ తట్టిల్ అంతకుముందు కొన్నేళ్ళపాటు, కేరళ దాటి ఊరూరా చెదిరిపోయిన తమ విశ్వాసుల్ని చూసి రావడానికే నియమితులైన మనిషి. నర్సులు, ఫ్యాక్టరీ ఉద్యోగులు, రైల్వే కాలనీల కుటుంబాలు. ముందు తిరగడం, వినడం, తర్వాత వ్యవస్థ. ఆయన 2024 జనవరిలో ఆ చర్చి మొత్తానికి మేజర్ ఆర్చ్‌బిషప్ అయ్యారు. ఆదిలాబాద్‌లో మేత్రాణులుగా ఉన్న మార్ ప్రిన్స్ ఆంటోనీ పనేంగాడన్ శంషాబాద్‌కు వచ్చారు. వలసపోయినవాడికి అవసరమైంది ఏమిటో వలస ఊళ్ళో కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ లెక్కన విమానాలు దిగే ఊరి పేరు పెట్టడం నాకు సరైనదిగానే తోస్తుంది.

రోడ్డు మీద స్వరం రాలేదు

శంషాబాద్ మీదుగా బెంగళూరు జాతీయ రహదారి పోతుంది, ఔటర్ రింగు రోడ్డు పోతుంది. ప్రమాదం జరిగితే చుట్టూ చేరి వీడియో తీసేవాళ్ళకు కొదవ లేదు, చెయ్యి వేసేవాళ్ళు తక్కువ. మనిషి రాయి అయిపోయాడని కాదు, పోలీసులు, సాక్ష్యాలు, కోర్టు వాయిదాలన్న భయం. సుప్రీంకోర్టు 2016 మార్చి 30 తీర్పుతో, ఆ తర్వాత 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఎ సెక్షన్ ద్వారా, సాయపడ్డవాడికి రక్షణ వచ్చింది. పేరు చెప్పమని, ఆస్పత్రి బిల్లు కట్టమని, సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు. చట్టం భాషలో ఆ మనిషి పేరు మంచి సమరయుడు. లూకా సువార్త పదో అధ్యాయంలోని ఆ కథ మన రోడ్ల చట్టంలోకి వచ్చిందన్న సంగతి చర్చిల్లోనే చాలామందికి తెలియదు.

ఆ కథలో నేను చాలా ఆలస్యంగా గమనించిన ఒక సంగతి ఉంది. సమరయుడికి ఏ స్వరమూ వినబడలేదు. దూత రాలేదు, కల రాలేదు, వాగ్దానం కార్డు లేదు. గాయపడ్డవాణ్ణి చూశాడు, కడుపు తరుక్కుపోయింది, ఆగాడు. దేవుడి మాట వినే వృత్తిలో ఉన్న యాజకుడూ లేవీయుడూ పక్కనుంచి పోయారు. తర్వాత ఖర్చుల పట్టీ ఎంత వివరంగా ఉంటుందో చూడండి. నూనె తనది, ద్రాక్షారసం తనది, గాడిద తనది కాబట్టి తాను నడవాలి, పూటకూళ్ళ ఇంటివాడికి రెండు దేనారాలు, ఇంకా ఎంతైనా తిరుగు ప్రయాణంలో ఇస్తానన్న పూచీ. పూచీకి పైపరిమితి లేదు.

వినబడకపోయినా చేస్తూ పోయినవాళ్ళూ ఉన్నారు. మదర్ థెరిసాకు 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ రైల్లో పిలుపు అందింది. ఆ తర్వాత దాదాపు జీవితమంతా ప్రార్థనలో చీకటే తప్ప ఏమీ వినబడలేదని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో బయటికొచ్చాక తెలిసింది. చాలామంది ఉలిక్కిపడ్డారు. నాకైతే ఆమె మీద గౌరవం ఆ ఉత్తరాలతోనే పెరిగింది. రోజూ పొద్దున్నే ప్రభువు నాతో మాట్లాడాడని చెప్పేవాళ్ళ నడుమ ఏమీ వినబడ్డం లేదని రాసుకుని, మళ్ళీ లేచి రోగి పుండు కడిగిన మనిషి ఆమె.

కార్గో గేటు దగ్గర పని

శంషాబాద్ చుట్టూ కాలనీల్లో, రేకుల షెడ్లలో, అద్దె అంతస్తుల్లో ప్రార్థన మందిరాలు చాలానే ఉన్నాయి. ఆదివారాలు నిండుతాయి. క్యాబ్ డ్రైవర్లు, విమానాశ్రయం పారిశుధ్య సిబ్బంది, హోటల్ పనివాళ్ళు, భవన నిర్మాణానికి ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా. వీళ్ళలో ఎవరైనా మాకు సేవ చెయ్యాలని భారముంది, ప్రభువు దారి చూపాలి అంటే నేను చూపగలిగింది కార్గో గేటే.

అక్కడ జరిగేది ఇది. గల్ఫ్‌లో మనిషి చనిపోతే అక్కడి మరణ ధ్రువపత్రం, శవాన్ని పాడవకుండా భద్రపరిచినట్టు ధ్రువపత్రం, భారత రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు సిద్ధమయ్యేదాకా పెట్టె కదలదు. అందుకు రోజులు పడతాయి, కేసు ఉంటే వారాలు, నెలలు. ఇక్కడ దిగాక విమానాశ్రయ ఆరోగ్య అధికారులు, కస్టమ్స్, విమాన సంస్థ కాగితాలు. అన్నీ ఇంగ్లీషులో. వచ్చిన తమ్ముడు పదో తరగతి దాటి ఉండడు. సంతకం ఎక్కడ పెట్టాలో అడగడానికి కూడా జంకుతాడు. స్వగ్రామం దాకా ఉచిత అంబులెన్సును ప్రభుత్వం ఇస్తుందన్న సంగతి కొందరికి తెలుసు, కొందరు తెలియక ప్రైవేటు బండికి అప్పు చేస్తారు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల పరిహారం ఇస్తున్న సంగతీ అంతే. దాని దరఖాస్తుకు ఇవే కాగితాలు కావాలి, కాబట్టి ఒక్కో దానికి నకలు తీసి దగ్గర ఉంచుకోవాలని చెప్పేవాళ్ళు కావాలి.

ఈ పనిలో సువార్త పత్రాలు పంచకూడదు. క్లౌ దొర కాలువగట్టు మీద బాప్తిస్మం ఆపినట్టే ఇక్కడ నోరు ఆపుకోవాలి. పెట్టెలో ఉన్నది ఏ మతం మనిషో అడగకూడదు. వాళ్ళకు అవసరమైంది ఫోన్ ఛార్జింగ్, టీ, మరుగుదొడ్డి ఎటు ఉందో చెప్పే మనిషి, పెట్టెను బండిలోకి ఎక్కించడానికి రెండు చేతులు. ఏం కావాలని అడిగితే మొదట ఎవరూ చెప్పరు. కాసేపు పక్కన నిలబడితే అదే తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అంతా దేవుడి చిత్తమమ్మా అని ఎవరితోనూ అనకూడదు.

ఏదైనా సంఘం పూనుకుంటే ముగ్గురు చాలు. ఇంగ్లీషు, హిందీ కాగితాలు చదవగలిగినవాళ్ళొకరు, బండి ఉన్నవాళ్ళొకరు, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోగలిగినవాళ్ళొకరు. మొదటి ఇద్దరూ యువజన కూటంలోనే దొరుకుతారు. మూడోవారి కోసమే వెతకాలి. యోబు స్నేహితులు నోరు తెరిచి చెడగొట్టుకునే ముందు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద ఉలకకుండా పలకకుండా కూర్చోగలిగారు. కార్గో గేటు దగ్గర కావాల్సింది నాలుగైదు గంటలు.